మూడోసారి పాసైన కుర్రాడి మీద ఎవరు ఖర్చుపెట్టారు?

ఇంజినీరింగ్ నాలుగేళ్లూ నేను వట్లూరులోనే చదివాను. రోజూ ఏలూరు నుంచి షేర్ ఆటోలో వచ్చి గేటు దగ్గర దిగేవాళ్లం. బోర్డు మీద సర్ సి.ఆర్.రెడ్డి అన్న పేరు కనిపించేది. ఆ కట్టమంచి రామలింగారెడ్డి గారు చిత్తూరు దగ్గర ఒక పల్లెలో పుట్టి, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్ వెళ్లి చదివారనీ, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారనీ నాకు డిగ్రీ చేతికొచ్చాక తెలిసింది. అప్పటిదాకా స్కాలర్‌షిప్ అంటే నా దృష్టిలో మీసేవలో క్యూ, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు. అంతే.

అలాంటిదే ఇంకో పేరు మనకి దగ్గర్లోనే ఉంది. ఏలూరులో బస్సెక్కి, కొల్లేరు దాటి, కైకలూరు, ఆకివీడు, ఉండి మీదుగా వెళితే భీమవరం వస్తుంది. 1895 జనవరి 12న అక్కడ పుట్టిన ఒక మనిషి కనిపెట్టిన విషయం మీ ఇంటర్ బయాలజీ పుస్తకంలో ఉంది. ఆయన బృందం తయారుచేసిన మందు మీ చెల్లికి బడిలో ఇచ్చే బిళ్లలో ఉంది. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఈ పేరు మీరు జీకే బిట్లలో చదివే ఉంటారు. నేనూ చదివాను, టిక్కు పెట్టాను, మర్చిపోయాను.

ఆయన గురించి సాధారణంగా చెప్పే కథ మీకు తెలిసిందే: పేదరికం, పట్టుదల, అమెరికా, గొప్ప ఆవిష్కరణలు, రాని నోబెల్. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఈసారి ఆ జీవితాన్ని ఒక్క ప్రశ్న పట్టుకుని చదువుదాం. ప్రతి మలుపులో ఆయన ఖర్చు ఎవరు భరించారు? అప్పటికి ఆయన చేతిలో ఏ మార్కుల కాగితం ఉంది?

నిడదవోలులో దొరికిపోయాడు

తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ఉద్యోగం త్వరగానే మానేయాల్సి వచ్చింది. ఇంటి నిండా పిల్లలు. తల్లి వెంకమ్మకి మాత్రం పిల్లాడు చదవాల్సిందేనన్న పంతం.

పిల్లాడి ఆలోచన వేరు. పదమూడేళ్ల వయసులో బంధువుల కుర్రాడితో కలిసి కాశీకి పారిపోదామనుకున్నాడు. ఎందుకో తెలుసా? అక్కడికొచ్చే యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించడానికి. నిడదవోలు దాకా వెళ్లాక ఇంట్లోవాళ్లు పట్టుకుని వెనక్కి తెచ్చారు. మన తాడేపల్లిగూడెం తర్వాత వచ్చే ఆ జంక్షన్‌లోనే ఈ కథ ముగిసిపోయేది. ఇవాళ మన భాషలో చెప్పాలంటే డ్రాపౌట్ అయ్యేవాడు.

మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు వెళ్లి, తిరువళ్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుంచి రాసి పాసయ్యాడు. ఈలోగా తండ్రి పోయారు. ఆ చదువు ఆగకుండా ఉండటానికి తల్లి ఒంటిమీది బంగారం అమ్ముకుందని చెబుతారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ తరగతిలో రెండుసార్లు టెన్త్ తప్పిన కుర్రాడిని గుర్తుచేసుకోండి. స్కాలర్‌షిప్ జాబితాలో అతని పేరు ఉంటుందా? సైన్స్ ఫెయిర్‌కి అతన్ని పంపుతారా? నిజం చెప్పుకుందాం. సప్లిమెంటరీ ఫీజు కట్టించి, ఆ తర్వాత ఏదైనా పనిలో పెట్టేస్తారు. సుబ్బారావుకి మొదటి గ్రాంట్ ఇచ్చింది ఏ సంస్థా కాదు, వాళ్లమ్మ. దానికి దరఖాస్తు లేదు, కటాఫ్ లేదు.

ఖద్దరు వేసుకున్నందుకు

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్లింది. సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. సేవే చేయాలనుంటే వైద్యం చదివి చేయొచ్చన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

ఫీజులు ఎక్కడినుంచి వచ్చాయి? కొంత స్నేహితులిచ్చారు. మిగతాది అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి భరించారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావుకి పెళ్లయింది. అంటే రెండో గ్రాంట్ మామగారి ఇంటినుంచి వచ్చింది.

అవి గాంధీగారు విదేశీ వస్త్రాలు వదిలేయమన్న రోజులు. సుబ్బారావు ఖద్దరు కట్టారు, ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరుతోనే వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా ఆయన చేతికి ఎంబీబీఎస్ రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా ఇచ్చి పంపారు. మద్రాసు వైద్య సర్వీసులో చేరదామంటే అక్కడా కుదరలేదు. చివరికి ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పే ఉద్యోగం దొరికింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. పేగులు తిండిని ఒంటికి పట్టనివ్వకుండా చేసే జబ్బు అది. విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుకీ అదే జబ్బు పట్టుకుంది. లక్ష్మీపతి గారి వైద్యంతో బయటపడ్డారు. ఇంట్లో డాక్టరు చదువు చదివినవాడు ఉండి కూడా అన్నదమ్ములిద్దరూ దక్కలేదు. అసలు ఆ జబ్బు ఎందుకొస్తుందో అప్పట్లో ఎవరికీ తెలియదు. ఈ స్ప్రూ అన్న పేరు గుర్తుంచుకోండి, కథలో మళ్లీ వస్తుంది.

కాకినాడ నుంచి వచ్చిన మాట

ఉష్ణమండల జబ్బుల గురించి అమెరికాలో హార్వర్డ్‌లో నేర్పుతారని విన్నారు. వెళ్లాలనుకున్నారు. కానీ ఎలా? మెట్రిక్ మూడోసారి, పట్టా ఎల్‌ఎంఎస్, జీతం ఆయుర్వేద కాలేజీది. ఈ ప్రొఫైల్‌తో ఇవాళ ఏ కన్సల్టెన్సీకి వెళ్లినా మర్యాదగా టీ ఇచ్చి పంపించేస్తారు.

సరిగ్గా అప్పుడు ఆదుకున్నది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్.

ఆ పేరు వెనకా ఒక కథ ఉంది. సత్యలింగ నాయకర్ కోరంగి తీరం మనిషి. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. అక్కడినుంచి ఎంతోమంది తెలుగువాళ్లు బర్మా వెళ్లి కూలి చేసుకునేవారు. ఆయనా రంగూన్ వెళ్లారు. ఓడల్లోకి సరుకు ఎక్కించే, దించే పనుల వ్యాపారంలో బాగా సంపాదించారు. ఆ ఆస్తిని ధర్మకార్యాలకీ చదువులకీ రాసిచ్చారు. ఎంఎస్ఎన్ చారిటీస్ పేరు కాకినాడలో ఇవాళ్టికీ ఉంది. జగన్నాథపురం వైపు వెళ్లినవాళ్లకి ఆ పేరుతో ఉన్న కాలేజీ తెలిసే ఉంటుంది.

సుబ్బారావు చదువుకి సాయం చేస్తామని ఆ సంస్థ మాటిచ్చింది. మిగతా డబ్బు మామగారు సమకూర్చారు. రంగూన్ రేవులో మూటలు మోయించి సంపాదించిన సొమ్ము, భీమవరం కుర్రాడు హార్వర్డ్ వెళ్లడానికి ఉపయోగపడింది. నాకు ఈ జీవితం మొత్తంలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. ఇచ్చినవాళ్లకి ఆయన ఏం కనిపెడతారో తెలియదు. తెలిసే అవకాశమే లేదు. మార్కులు చూస్తే అనుమానమే రావాలి. అయినా ఇచ్చారు.

1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్‌లో దిగారు. భార్య అనపర్తిలో ఉండిపోయారు. ఆ తర్వాత పుట్టిన కొడుకు నెలల పసివాడిగానే చనిపోయాడు. మూడేళ్లలో తిరిగొస్తానని బయల్దేరిన మనిషి మళ్లీ ఈ నేల మీద అడుగుపెట్టలేదు. ఈ సంగతి దాచి ఆయన గొప్పతనం ఒక్కటే చెప్పడం అన్యాయం. ఆ చదువు ఖరీదులో పెద్ద భాగం శేషగిరి గారు కట్టారు. ఆ లెక్క ఏ ట్రస్టు పుస్తకంలోనూ ఉండదు.

నీలిరంగు చెప్పిన లెక్క

హార్వర్డ్‌లో సీటు దొరికింది కానీ స్కాలర్‌షిప్ దొరకలేదు. పొట్ట గడవడానికి బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేశారు. డాక్టరుగా కాదు, రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పనివాడిగా. పగలు చదువు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా అయ్యాక బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర పరిశోధనకి చేరారు.

1925లో ఇద్దరూ కలిసి ఒక పద్ధతి ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే మార్గం. సూత్రం తేలికే. ద్రావణంలో ఫాస్ఫేట్ ఉంటే ఆమ్ల మాలిబ్డేట్‌తో కలుస్తుంది. దానికి ఒక క్షయకరణి కలిపితే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. ముందే తెలిసిన గాఢతలతో ఒక గ్రాఫు గీసుకుంటే, తెలియని నమూనా రంగు ఎక్కడ పడుతుందో చూసి లెక్క చెప్పేయొచ్చు. సరళరేఖ, అనుపాతం, అంతే గణితం. ఎనిమిదో తరగతి లెక్కలు వచ్చినవాడికి అర్థమవుతుంది.

మీది భీమవరమో, కైకలూరో, ఆకివీడో అయితే చెరువు నీళ్లు సీసాలో పట్టుకుని ఆక్వా ల్యాబుకి వెళ్లిన అనుభవం ఉండే ఉంటుంది. నీటిలో ఫాస్ఫేట్ కొలవడానికి వాడే పద్ధతుల్లోనూ ఈ నీలిరంగు సూత్రమే ఉంది. భీమవరం మనిషి పేరున్న కెమిస్ట్రీకి దగ్గరి చుట్టం భీమవరం చెరువుల గట్టు మీద రోజూ పనిచేస్తోంది. రైతుకి ఆ సంగతి తెలియదు, ల్యాబులో కుర్రాడికీ చాలాసార్లు తెలియదు.

కొలిచే పనిముట్టు చేతిలోకి వచ్చాక ఆవిష్కరణలు వెంటవెంటనే వచ్చాయి. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని కనిపెట్టారు. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు. మీరు ఈ వాక్యం చదవడానికి కళ్లు కదిపినా అందులో ఏటీపీ ఖర్చవుతుంది. కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకి అప్పటిదాకా లాక్టిక్ ఆమ్లం చుట్టూ తిరిగిన జవాబు దీంతో మారిపోయింది. 1930లో ఆయనకి పీహెచ్‌డీ వచ్చింది.

హార్వర్డ్ మాత్రం ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఏటీపీ కనిపెట్టిన మనిషి ఆ తర్వాత పదేళ్లపాటు కింది స్థాయి పోస్టుల్లోనే గడిపారు. మార్కులు లేనప్పుడు కాకినాడ నమ్మింది. పని చేసి చూపించాక కూడా హార్వర్డ్ నమ్మలేదు.

అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బు

1940లో ఆయన లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీలో చేరారు. న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చిన్న ఊళ్లో ఉండేది. తర్వాత పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ ఉన్నది ఎనిమిదేళ్లే. ఆ ఎనిమిదేళ్లలో ఆయన నడిపించిన బృందాలు చేసిన పని చూడండి.

మొదటిది ఫోలిక్ యాసిడ్. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పరిశోధించి, ఈస్ట్ సారం ఇస్తే తగ్గుతోందని గమనించారు. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. 1945 నాటికి లెడర్లీ బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. కాలేయం నుంచి మిల్లీగ్రాముల లెక్కన తీయాల్సిన పదార్థం ఇప్పుడు కావలసినంత దొరికింది. దాన్ని రోగులకి ఇచ్చి చూస్తే ఏ జబ్బు తగ్గిందో తెలుసా? స్ప్రూ. ఇద్దరు అన్నదమ్ముల్ని పొట్టనపెట్టుకున్న జబ్బుకి పాతికేళ్ల తర్వాత మందు దొరికింది. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ బిళ్ల మీద ఫోలిక్ యాసిడ్ అని రాసుంటుంది. ఈసారి మింగే ముందు ఒకసారి చదవండి.

రెండోది ఇంకా ఆశ్చర్యం. కణం పెరగడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అయితే ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించి పనిచేయని పదార్థం ఇస్తే? తాళంలో తప్పుడు తాళంచెవి ఇరుక్కున్నట్టు, వేగంగా పెరిగే కేన్సర్ కణం ఆగిపోవాలి. ఇలాంటి పదార్థాలు లెడర్లీలో తయారయ్యాయి. వాటిలో అమినోప్టెరిన్‌ని బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ ఉన్న పిల్లలకిచ్చారు. 1948లో ఫలితాలు ప్రకటించారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం పాటు జబ్బు వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బుకి మందే లేదు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ ఇవాళ కేన్సర్ వార్డుల్లోనూ, కీళ్లవాతం రోగుల చీటీల మీదా కనిపిస్తుంది.

మూడోది మన ఇంటి సంగతి. ఏలూరు, గోదావరి ప్రాంతాల్లో పుట్టినవాళ్లకి బోదకాలు అంటే వివరించక్కర్లేదు. దోమల వల్ల వచ్చే ఫైలేరియా అది. దానికి 1947లో లెడర్లీ బృందం ఇచ్చిన మందు హెట్రజాన్. అసలు పేరు డైఇథైల్ కార్బమజీన్, పొట్టిగా డీఈసీ. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి, ముందే మింగమని నిలబడే ఆ బిళ్లలు ఇవే. మా ఇంట్లో వాటిని మింగకుండా పూలకుండీలో పడేసిన ఘనత నాది. ఎవరిదో తెలిసుంటే పడేసేవాణ్ని కాదేమో.

నాలుగోది ఆరియోమైసిన్. డెబ్భై దాటి విశ్వవిద్యాలయం నుంచి రిటైరైన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ని లెడర్లీ పనిలో పెట్టుకుంది. ఆయన మట్టి నమూనాలు వెతికి పట్టిన సూక్ష్మజీవి నుంచి ఈ మందు వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే పెద్దది. 1948లో లోకానికి పరిచయమైంది.

అదే 1948 ఆగస్టులో సుబ్బారావు గుండె ఆగి చనిపోయారు. యాభైమూడేళ్లు. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. ఆయన పేరు మీద మన దేశం 1995లో శతజయంతికి ఒక తపాలా బిళ్ల తెచ్చింది.

మా బడిలో తాళం వేసిన బీరువా

ఇప్పుడు మనదగ్గరికొద్దాం. నేను చదివిన హైస్కూల్లో సైన్స్ ల్యాబ్ అంటే ఒక స్టీలు బీరువా. లోపల ఏముందో మాకు అద్దంలోంచి తెలుసు: మైక్రోస్కోపు ఒకటి, బ్యూరెట్లు కొన్ని, ఎముకల బొమ్మ. పగిలితే ఎవరు కట్టాలన్న భయంతో అది ఎప్పుడూ తెరిచేవాళ్లు కాదు. టైట్రేషన్ అంటే నోట్సులో బొమ్మ. నేను బ్యూరెట్ చేత్తో పట్టుకున్నది ఇంటర్ ప్రాక్టికల్స్‌కి వారం ముందు. మా సైన్స్ మాస్టారు సొంత డబ్బుతో లిట్మస్ కాగితాలు కొనుక్కొచ్చిన రోజు ఒకటుంది. నిమ్మరసం, సబ్బునీళ్లు, చింతపండు పులుసు, కుంకుడు రసం, అన్నీ ముంచి చూశాం. టెన్త్‌లో నేను చదివిన సైన్స్ మొత్తంలో ఇవాళ్టికీ గుర్తున్నది ఆ పీరియడ్ ఒక్కటే.

అందుకే చెబుతున్నా. చదువుకి ఇచ్చే డబ్బు రెండు రకాలు. ఒకటి విద్యార్థి పేరు మీద వచ్చేది, స్కాలర్‌షిప్. రెండోది బడికి వచ్చేది: ల్యాబ్ సామాను, కిట్లు, మాస్టర్లకి శిక్షణ. మొదటిదానికి మార్కులు అడుగుతారు. అడగడంలో తప్పులేదు, డబ్బు కొంచెమే ఉన్నప్పుడు ఏదో ఒక గీత గీయాలి. కానీ ఆ గీత దగ్గరే సుబ్బారావు లాంటి కుర్రాడు ఆగిపోతాడు. నిడదవోలులో దొరికిన పదమూడేళ్ల పిల్లాడికి ఏ మెరిట్ పరీక్షా సీటివ్వదు. అతని దాకా వెళ్లగలిగేది రెండో రకం డబ్బే. ఎందుకంటే తెరిచి ఉన్న ల్యాబ్ ముందు మొదటి ర్యాంకువాడూ, చివరి బెంచివాడూ ఒకటే. రంగు నీలంగా మారితే ఇద్దరికీ కనిపిస్తుంది.

రెండో రకంలోనూ ఒక మెలిక ఉంది. మా బీరువా కొనడానికి ఎవరో డబ్బిచ్చే ఉంటారు. పగిలిన గాజుకీ, అయిపోయిన రసాయనాలకీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అందుకే అది మూతపడింది. ఈ విషయంలో అటల్ టింకరింగ్ ల్యాబుల లెక్క నాకు నచ్చింది. ఎంపికైన బడికి మొత్తం 20 లక్షల రూపాయలు కేటాయిస్తే, అందులో సగం పరికరాలకి, మిగతా సగం అయిదేళ్లు నడపడానికి. కొనడానికెంతో నడపడానికీ అంతే. మన ఊళ్లో ఏదైనా బడికి సాయం చేయాలనుకునే ఎన్నారైలూ, పూర్వ విద్యార్థులూ ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే చాలు.

మీ చేతిలో ఉన్న దారులు

మీరు గానీ, మీ తమ్ముడో చెల్లో గానీ బడిలో ఉంటే ఇవి రాసిపెట్టుకోండి.

ఎన్ఎంఎంఎస్: ఎనిమిదో తరగతిలో రాసే పరీక్ష. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకి. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకి 5 శాతం సడలింపు. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు. ప్రశ్నల్లో రీజనింగ్, లెక్కలు, సైన్స్, సోషల్ ఉంటాయి. పాత పేపర్లు పది చేస్తే ధైర్యం వచ్చేస్తుంది.

ఇన్‌స్పైర్ మానక్: మార్కులు కాదు, ఆలోచన అడిగే పథకం. మీ చుట్టూ ఉన్న సమస్యకి మీ సొంత పరిష్కారాన్ని బడి ద్వారా పంపాలి. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు మీ ఖాతాలో పడతాయి. కొల్లేరు పక్కన పుట్టినవాళ్లకి సమస్యలకేం కొదవ? గుర్రపుడెక్క, చెరువు నీటి నాణ్యత, చేపల రవాణాలో ఐసు కరిగిపోవడం, ఏదైనా తీసుకోండి. చివరి బెంచివాళ్లూ, ఇది మీ కోసమే.

ఇన్‌స్పైర్ షి: ఇంటర్ బోర్డు పరీక్షల్లో పై ఒక శాతంలో ఉండి, డిగ్రీలో మూల విజ్ఞానశాస్త్రాలు, అంటే భౌతిక, రసాయన, గణిత, జీవశాస్త్రాల వైపు వెళ్లేవాళ్లకి ఏటా 80,000 రూపాయల దాకా. అందరూ బీటెక్ అంటున్నారని మీరూ బీటెక్‌లో చేరే ముందు దీన్ని ఒకసారి చూడండి. నేను చూడలేదు.

నియమాలు, తేదీలు ఏటా కొంచెం మారుతుంటాయి. దరఖాస్తుకి ముందు అధికారిక ప్రకటన చూసుకోండి, హెడ్‌మాస్టర్‌ని అడగండి.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఒక మాట. మనం వీకెండ్ బిర్యానీకి పెట్టే డబ్బుతో ఒక తరగతికి సరిపడా లిట్మస్, పరీక్షనాళికలు, స్పిరిట్ దీపాలు వస్తాయి. మీరు చదివిన బడికి వెళ్లండి. సైన్స్, లెక్కల టీచర్లతో కూర్చుని ఏం కావాలో వాళ్లనే రాయమనండి. మనకి తోచింది కొనేసి ఫొటో దిగి రావద్దు. మరుసటి జూన్‌లో మళ్లీ వెళ్లి ఏం పగిలిందో, ఏం అయిపోయిందో అడగండి. పగిలిన లెక్క ఎక్కువుంటే సంతోషించండి. పిల్లలు దాన్ని వాడారని అర్థం.

పోయిన జూన్‌లో నేను మా బడికి వెళ్లాను. బీరువా అక్కడే ఉంది. తాళంచెవి కోసం పావుగంట వెతికారు. ఈసారి రెండు కట్టల లిట్మస్, డజను పరీక్షనాళికలు తీసుకెళ్లాను. ఒక పిల్లాడు, టీచర్ చెప్పిన దాని ప్రకారం వాడు ఎప్పుడూ వెనకే కూర్చుంటాడట, బావి నీళ్లు, చెరువు నీళ్లు వేరువేరు సీసాల్లో తెచ్చి వరుసగా పెట్టాడు. వాడికి మార్కులెన్నో నేను అడగలేదు.